కొండవీటి కోట బలం కొండ కింద

గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఫిరంగిపురం దగ్గరికి రాగానే దక్షిణాన ఒక కొండల వరుస కనిపిస్తుంది. చుట్టూ నల్లరేగడి మైదానం, పత్తి, మిరప, పొగాకు చేలు. వాటి మధ్య ఉన్నట్టుండి లేచిన ఈ గుట్టల మీదనే కొండవీటి కోట ఉంది. ఇప్పటి లెక్కలో ఇది పల్నాడు జిల్లా యడ్లపాడు మండలం కిందికి వస్తుంది. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. రెడ్డి రాజులు, విజయనగర రాయలు, ఒడిశా గజపతులు, గోల్కొండ సుల్తానులు, ఫ్రెంచివారు, చివరికి ఈస్టిండియా కంపెనీ ఈ కొండ కోసం వరుసగా పోటీ పడ్డారు. కొండ ఎత్తు, గోడల మందం, బురుజుల సంఖ్య చెప్పి ఈ పోటీకి కారణం తేల్చేయడం మామూలు. ఆ వివరణ నిలవదు, ఎందుకంటే ఇంతకంటే ఎత్తైన, ఎక్కడానికి ఇంతకంటే కష్టమైన కొండలు పల్నాడులోనూ నల్లమలలోనూ చాలా ఉన్నాయి, వాటి కోసం ఎవరూ ఇన్నిసార్లు యుద్ధం చేయలేదు. కొండవీడు ఎవరి చేతిలో ఉంటే వారికి దాని కింద ఉన్న పంట నేల, చెరువులు, తూర్పున సముద్రతీరపు రేవు, కృష్ణకు దక్షిణాన సాగే బాటలు చేజిక్కేవి. కోట చరిత్రను పైనుంచి కిందికి కాక, కింది నుంచి పైకి చదివితేనే దాని ఎదుగుదలా పతనమూ అర్థమవుతాయి.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమై కాకతీయ రాజ్యం కూలిపోయాక తెలుగు నేలలో నాయకులు ఎవరికి వారు తలెత్తిన కాలంలో, పంట రెడ్డి కుటుంబానికి చెందిన ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా ఒక రాజ్యాన్ని నిలబెట్టాడు. అద్దంకి గుండ్లకమ్మ నది దగ్గరి ఊరు, వ్యవసాయానికి మంచి చోటు. ఎర్రన తన హరివంశాన్ని అంకితం ఇచ్చినది ఈ వేమారెడ్డికే. శ్రీశైలం కొండకు మెట్లు కట్టించిన కీర్తి కూడా ఆయనదే. ఆయన తరువాత 1353లో రాజ్యానికి వచ్చిన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చాడు. ఆ మార్పుకు నేపథ్యం ఊహించడం కష్టం కాదు. 1336లో దక్షిణాన విజయనగరం, 1347లో పడమట బహమనీ రాజ్యం పుట్టాయి. రెండూ పెరుగుతున్న రాజ్యాలే, రెంటికీ తూర్పుతీరం కావాలి. అద్దంకి చుట్టూ అడ్డుగా నిలిచే కొండ లేదు. పైగా అది విజయనగరపు సరిహద్దుకు మరీ దగ్గర. తండ్రి కాలంలో నాలుగు దిక్కులా పోరాడుతూ కదిలే రాజ్యానికి మైదానంలోని ఊరు సరిపోయింది. ఇప్పుడు ఖజానా, ధాన్యం, అంతఃపురం పెట్టుకొని కూర్చోవలసిన అవసరం వచ్చింది. అందుకు అనవోతారెడ్డి ఎంచుకున్న కొండ సముద్రానికి మరీ దూరం కాదు, కృష్ణకూ మరీ దూరం కాదు. అతని ఎంపికలో ఉన్న తెలివి ఇదే.

కోట నిర్మాణం చూసినా ఈ మాటే తేలుతుంది. గుట్టల శిఖరాలను కలుపుతూ, లోయల నోళ్ళు మూస్తూ ప్రాకారం నడుస్తుంది కాబట్టి అది ఒక క్రమమైన ఆకారంలో ఉండదు. కొండ ఎలా మలుపు తిరిగితే గోడ అలా తిరిగింది. తారా బురుజు, జెట్టి బురుజు, నెమళ్ళ బురుజు వంటి పేర్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కొలేపల్లి దర్వాజా, నాదెళ్ళ దర్వాజా అనే రెండు ద్వారాల నుంచి పైకి దారులు ఉండేవి. కొండ మీద ధాన్యపు కొట్లు, మండపాలు, గుళ్ళు, మసీదు శిథిలాలు కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైనవి మూడు చెరువులు: ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. కొండ మీద పడిన వాన చుక్కను కిందికి జారనీయకుండా ఒక చెరువు నిండితే ఆ పొర్లునీరు మరొక చెరువుకు చేరేట్టు వీటిని అమర్చారు. ముట్టడిలో గోడ ఎంత గట్టిదైనా, లోపల నీళ్ళు అయిపోతే తలుపులు తెరవక తప్పదు. అయితే పట్టణం మాత్రం పైన లేదు. కొండ పాదంలో మట్టిగోడతో కట్టిన పుట్టకోటలోనే బజారు, వర్తకులు, చేతిపనులవారు, గోపీనాథస్వామి ఆలయం ఉండేవి. మామూలు రోజుల్లో రాజ్యం నడిచింది ఈ కింది కోటలో, పైకోట ఆపత్కాలానికి.

నీటి విషయంలో కొండవీటి సీమ కష్టం తెలుగువారి నోట ఒక సామెతగా మిగిలిపోయింది. ఎంతకీ తెగని జాబితానో, చాంతాడంత ఉత్తరాన్నో చూసి కొండవీటి చేంతాడు అనడం ఇప్పటికీ ఉంది. ఇక్కడి బావులు అంత లోతు, తోడే తాడు అంత పొడవు అని జనం చెప్పుకునే కారణం. రేగడి నేల వాన నీటిని పట్టి ఉంచుతుంది గనుక మెట్ట పంటకు ఇబ్బంది లేదు కానీ, తాగునీటికీ మాగాణికీ చెరువు ఉండి తీరాలి. రెడ్డి రాజుల శాసనాలు ఈ సమస్యను ఎంత తీవ్రంగా తీసుకున్నాయో చూపడానికి ఫిరంగిపురం శాసనం ఒక్కటి చాలు. పెదకోమటి వేమారెడ్డి రాణి సూరాంబ 1409లో అక్కడ సంతానసాగరం అనే పెద్ద చెరువు తవ్వించింది. ఆ శాసన పాఠాన్ని రచించినవాడు ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు. చెరువు తవ్వితే చాలదు, అది నిండాలి. ఆరేళ్ళ తరువాత, 1415 నాటి అమీనాబాద్ శాసనం ప్రకారం పెదకోమటి వేముని కొడుకు రాచవేముడు ఈ చెరువుకు నీరు చేర్చడానికి ఒక కాలువ తవ్వించి, తమ వంశపు బిరుదు పేరనే దానికి జగనొబ్బగండ కాలువ అని పేరు పెట్టాడు. ఆ శాసనం కూడా శ్రీనాథుడిదే. ఒక చెరువు, దానికి ఒక కాలువ, రెండింటికీ తెలుగు సాహిత్యంలో అగ్రశ్రేణి కవి శాసనకర్త. యుద్ధ విజయాలకు రాసినంత శ్రద్ధగా నీటిపారుదలకు ప్రశస్తి రాయించుకున్న వంశం ఇది.

ఈ రాచవేముడే జనశ్రుతిలో పూర్తిగా వేరే మనిషి. 1420 నుంచి నాలుగేళ్ళపాటు రాజ్యం చేసిన ఇతడు పురిటి సుంకం, అంటే బిడ్డ పుడితే కట్టవలసిన పన్ను విధించాడని, దానితో విసిగిపోయిన సవరం ఎల్లయ్య అనే బంటు అతన్ని పొడిచి చంపాడని కథ. కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ పూనికతో గ్రామ కరణాల నుంచి సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ళ స్థానిక చరిత్రల్లో, కొండవీటి దండకవిలె అనే పాత గ్రామ దస్తరంలో నిలిచిన ఈ కథ తరవాత చరిత్ర పుస్తకాల్లోకి కూడా చేరింది. రాయి మీద కాలువ తవ్వించిన యువరాజు, తాటాకు మీద పసిబిడ్డ మీద పన్ను వేసిన రాజు. ఒకదాన్ని నిజమనీ మరొకదాన్ని అబద్ధమనీ కొట్టిపారేయడం తేలిక. శాసనం రాజు చెప్పుకున్న మాట, కవిలె జనం చెప్పుకున్న మాట అన్న తేడా గుర్తుంచుకుంటే రెండింటినీ ఒకచోట పెట్టి చదవవచ్చు. కాలువలకు, చెరువులకు, దానాలకు, అన్నిటికీ మించి ఏటా జరిగే యుద్ధాలకు డబ్బు కావాలి. రాచకొండ, దేవరకొండ వెలమ దొరలతో పోరు ఒకవైపు, రాజమహేంద్రవరంలో స్థిరపడ్డ దాయాది శాఖతో తగవు మరొకవైపు సాగుతున్న ఆ చివరి సంవత్సరాల్లో ఖజానా ఎక్కడినుంచి నిండాలి? పన్ను పేరు పురిటి సుంకమే కావచ్చు, కాకపోవచ్చు. భరించలేని పన్ను ఉండేదన్న జనం జ్ఞాపకం మాత్రం నమ్మదగ్గదే.

మొదటి తరాల్లో ఆ ఒత్తిడి లేకపోవడానికి కారణం సముద్రం. ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర ఉన్న మోటుపల్లి అప్పట్లో తూర్పుతీరపు పెద్ద రేవుల్లో ఒకటి. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించి, ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజు దాన్ని లాక్కునే పాత ఆచారాన్ని మాన్పించాడు. వెనిసు యాత్రికుడు మార్కో పోలో వర్ణించిన ముత్ఫిలి ఇదే. అనవోతారెడ్డి 1358లో అదే ఊళ్ళో మరో శాసనం వేయించాడు. ఎక్కడి వర్తకుడైనా వచ్చి స్థిరపడవచ్చు, తెచ్చిన సరుకు తనకు నచ్చినవారికి అమ్ముకోవచ్చు, వెళ్ళాలనుకున్నప్పుడు అడ్డు లేకుండా వెళ్ళవచ్చు అనేది దాని సారం. కొడుకులు లేకుండా చనిపోయిన వర్తకుని ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక దండాన్ని కూడా వదులుకున్నాడు. కొండ మీద కోట కట్టిన అయిదారేళ్ళకే రేవులో ఈ శాసనం వేయించడం యాదృచ్ఛికం కాదు. సైన్యానికి కావలసిన గుర్రాలు తెలుగు నేలలో పుట్టేవి కావు, ఓడల మీద రావలసిందే. రేవు మూతపడితే కోటలోని సైన్యం కాలినడకన యుద్ధం చేయాలి.

ఆ సరుకుల చిత్రం శ్రీనాథుని హరవిలాసంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కావ్యాన్ని కృతి పుచ్చుకున్నది రాజు కాదు, అవచి తిప్పయ్య సెట్టి అనే వర్తకుడు. కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి ఏటా జరిపించిన వసంతోత్సవాలకు పరిమళ ద్రవ్యాలు సమకూర్చిన ఈ వర్తకుడి గొప్పను చెబుతూ కవి పెట్టిన పట్టికలో సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, పంజారం నుంచి కర్పూరం, గోవ నుంచి సంకుమదం అనే పరిమళ ద్రవ్యం, చీనా నుంచి పట్టుబట్టలు ఉన్నాయి. పారసీక సింధుశాఖ దగ్గరి హురుమంజి మొదలు చీనా దాకా ఒక్క సీస పద్యంలో ఇమిడిపోయాయి. కవి వర్ణనలో అతిశయం ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఎక్కడినుంచి ఏ సరుకు వస్తుందో ఆనాటి శ్రోతకు తెలియకపోతే ఆ అతిశయానికి అర్థం లేదు. అనవోతారెడ్డి తమ్ముడు అనవేమారెడ్డి, కుమారగిరి రెడ్డి పేర్ల పక్కన కర్పూర వసంతరాయలు వంటి బిరుదులు చేరడం వెనుక ఉన్నది రాజుల విలాసం మాత్రమే కాదు. ఉత్సవంలో కర్పూరం చల్లగలిగిన రాజు దగ్గర రేవు ఉందని, రేవు నడుస్తోందని చూసేవారికి అర్థమయ్యేది. అదే అనవేమారెడ్డి శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. కుమారగిరి మాత్రం రాజ్యభారాన్ని చాలావరకు బావమరిది కాటయ వేముని మీద పెట్టి, చివరికి రాజమహేంద్రవరం ప్రాంతాన్ని అతనికే ఇచ్చేశాడు. కాళిదాసు నాటకాలకు వ్యాఖ్యానం రాసిన పండితుడు ఈ కాటయ వేముడు. 1402లో కొండవీడు దాయాది అయిన పెదకోమటి వేముని చేతికి పోవడంతో గోదావరి పంట నేలలు ఒక శాఖకు, కృష్ణకు దక్షిణం మరో శాఖకు మిగిలాయి. రాజ్యం సగానికి సగం తగ్గింది, కోట మాత్రం అంతే ఉంది, దాని ఖర్చూ అంతే ఉంది.

పెదకోమటి వేముడు స్వయంగా సంస్కృతంలో అలంకార గ్రంథం, వ్యాఖ్యానం రాసిన పండితుడు. వామనభట్ట బాణుడు అతని చరిత్రను గద్యకావ్యంగా చెప్పాడు. శ్రీనాథుని జీవితంలో మంచి రోజులు ఆ ఆస్థానంలోనే గడిచాయి. ఈ సాహిత్య వైభవం గురించి తెలుగులో కావలసినంత రాశారు, ఇక్కడ అంతా తిరిగి చెప్పనక్కరలేదు. శ్రీనాథునిదిగా చెప్పే ఒక చాటుపద్యం మాత్రం ఈ వ్యాసానికి పనికివస్తుంది: ముగ్గురు రాజులకు మోహం పుట్టించే పట్టణమని ఆయన కొండవీటిని వర్ణించాడు. నరపతి, అశ్వపతి, గజపతి అని ఆ ముగ్గురినీ అర్థం చెబుతారు, అంటే విజయనగర, బహమనీ, ఒడిశా రాజులు. సరిగ్గా ఈ ముగ్గురి చేతుల మధ్యనే తరువాతి నూరేళ్ళు కొండవీడు నలిగింది. పద్యంలో గొప్పగా వినిపించిన మాట రాజనీతిలో చావుదెబ్బ. ముగ్గురికీ కావలసిన చోటును, ముగ్గురికన్నా చిన్నదైన రాజ్యం ఎంతకాలం నిలుపుకోగలదు?

1424 ప్రాంతంలో రాచవేమునితో రెడ్ల పాలన ముగిసి కొండవీడు విజయనగరం చేతికి వెళ్ళింది. మూడు దశాబ్దాలకు, 1454లో కపిలేశ్వర గజపతి సైన్యం దాన్ని గెలుచుకోగా గాణదేవుడనే సామంతుడు అక్కడ పాలకుడయ్యాడు. ఈ మధ్యలోనే, పాత ప్రభువులు పోయాక శ్రీనాథుడు కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెను గుత్తకు తీసుకొని, వరదకు పంట పోయి, ఏడు వందల టంకాల పన్ను కట్టలేక బజారులో బండ మోశాడని చాటువులు చెబుతాయి. అది జరిగిందో లేదో గాని, చాటువు పేర్కొన్న వివరాలు చూడాలి: గుత్త, టంకాలు, వరద, శిక్ష. కొండ మీద జెండా మారినప్పుడు కింద సామాన్యునికి తెలిసివచ్చే మార్పు పన్ను వసూలు చేసే చేతిది. కవిసార్వభౌముడైనా ఆ చేతికి మినహాయింపు కాడని ఆ పద్యం చెప్పుకున్నవారి ఉద్దేశం.

కోట చరిత్రలో అన్నిటికన్నా బాగా నమోదైన ఘట్టం 1515 నాటి కృష్ణదేవరాయల ముట్టడి. రాయలు అంతకు ముందే ఉదయగిరిని సుదీర్ఘ ముట్టడి తరువాత గెలిచాడు. ఆ తరువాత జరిగినదాన్ని అమరావతి శాసనం ఒకే ఒక్క పొడవాటి వాక్యంలో చెబుతుంది, ఆ వాక్యాన్ని నెమ్మదిగా చదివితే యుద్ధతంత్రం మొత్తం బయటపడుతుంది. వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగేడ, కేతవరం మొదలైన గిరిదుర్గాలను, స్థలదుర్గాలను ఏకధాటిగా కైవసం చేసుకున్నాక, లగ్గలు పట్టించి కొండవీటిని సాధించాడని శాసనం అంటుంది. మొదటి భాగంలో ఉన్న పేర్లను పటం మీద గుర్తిస్తే అవి కొండవీటికి పడమట, ఉత్తరాన వలయంలా కనిపిస్తాయి. కృష్ణ దాటి గజపతి సైన్యం రావలసిన దారులు, పల్నాడు నుంచి ధాన్యం రావలసిన దారులు ఆ చిన్న కోటల కాపలాలో ఉండేవి. వాటిని ముందుగా తీసేశాక కొండవీడు ఒంటరిదైంది. అప్పుడు గాని లగ్గలు, అంటే గోడలెక్కి చేసే దాడి మొదలుకాలేదు. గుర్రాల వ్యాపారానికి విజయనగరం వచ్చి రాయల తరువాతి కాలంలో అక్కడ నివసించిన పోర్చుగీసువాడు న్యూనిజ్ ఈ ముట్టడి రెండు నెలలు సాగిందని రాశాడు. శాసనాలు చెప్పే శక సంవత్సరం 1437 యువ నామ సంవత్సర ఆషాఢ హరివాసరం (ఏకాదశి), శనివారం, 1515 జూన్ 23కు సరిపోతుంది. వానలు ముదిరి కృష్ణ పొంగకముందే పని ముగించాలన్న తొందర ఆ తేదీలో కనిపిస్తుందనుకోవచ్చు.

పట్టుబడినవారి పేర్లు కూడా అదే వాక్యంలో ఉన్నాయి. ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు, కుమార హమ్మీర పాత్రుని కొడుకు నరహరిదేవుడు, రాచూరి మల్లూఖాన్, ఉద్దండఖాన్, జన్యాల కసవాపాత్రుడు, పూసపాటి రాచిరాజు, ఇంకా కొందరు. ఒక ఒడిశా రాజకుమారుని నాయకత్వంలో ఒడియా పాత్రులు (గజపతి కింది అధికారులు), తెలుగు రాజులు, ముస్లిం సేనానులు కలిసి విజయనగర సైన్యం నుంచి ఒక తెలుగు కోటను కాపాడుతున్నారన్నమాట. మతాన్నో భాషనో పట్టుకొని ఈ యుద్ధాలకు అర్థం చెప్పబోయేవారు ముందుగా ఈ పట్టిక చదవడం మంచిది. వీరందరినీ జీవగ్రాహంగా, అంటే ప్రాణాలతో పట్టుకొని అభయదానమిచ్చాడని శాసనం ముగిస్తుంది.

కొండ పాదంలో గోపీనాథస్వామి ఆలయానికి ఉన్న వాడుక పేరు కత్తులబావి. ఆ పేరు వెనుక ఉన్న కథ శాసనానికి పూర్తిగా ఎదురు తిరుగుతుంది. రాయల మంత్రి తిమ్మరుసు డెబ్బైఇద్దరు పాత్రులను లేదా పాళెగార్లను దర్శనానికి రమ్మని పిలిచి, ఇరుకైన దారిలో ఒక్కొక్కరే వంగి లోపలికి వస్తుండగా కత్తులకు బలిచేయించి బావిలో పడవేయించాడని ఒక రూపం. ఆ పని చేయించింది వేరొక రాజు అని మరొక రూపం. డెబ్బైరెండు అన్న సంఖ్య తెలుగు కథల్లో ఎన్నిచోట్ల వస్తుందో తెలిసినవారికి దాని మీద అనుమానం రావడం సహజం. పేర్లు, హోదాలతో బందీల పట్టిక ఇచ్చి, వారు బతికి ఉండగానే అదే సంవత్సరం వేయించిన శాసనం ఈ విషయంలో బలమైన సాక్ష్యం. పైగా వీరభద్రుని సంగతి మరొకచోట కూడా తెలుస్తుంది. అతడు అవమానం భరించలేక ఆత్మహత్య చేసుకున్నాడని న్యూనిజ్ రాశాడు కానీ, కోట పడిన మరుసటి ఏడాది, 1516 నాటి కన్నడదేశపు శాసనంలో అతడు ఇప్పటి దావణగెరె వైపున్న మళెబెన్నూరు సీమకు రాయలు నియమించిన అధికారిగా కనిపిస్తాడు. ఆ శాసనంలో అతడు మాఫీ చేసినది పెళ్ళిళ్ళ మీద పన్ను. ఓడిన శత్రువు కొడుకును దూరంగా, తన సొంత బలగం లేనిచోట పదవిలో కూర్చోబెట్టడం దయా, రాజకీయమా అన్నది వేరే చర్చ. బావిలో కత్తుల కన్నా అది పనికొచ్చే పద్ధతి అని మాత్రం రాయలకు తెలుసు. 

గెలిచిన కోటను నడిపించే పని తిమ్మరుసుకు, ఆయన ద్వారా మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రికి దక్కింది. వారి హయాంలో, 1520 నాటి కొండవీటి శాసనం ఒకటి ఆలయానికి చెల్లవలసిన సుంకాలను సరుకుల వారీగా ఏకరువు పెడుతుంది. జొన్నలు, సజ్జలు, ఉప్పు, మామిడికాయలు, వంకాయలు. పెసలు, మినుములు, శనగలు, ఉలవలు, కందులు, గోధుమలు, ఆముదాలు, పత్తి, చింతపండు. అల్లం, నిమ్మ, కొబ్బరి. బెల్లం, నెయ్యి, శొంఠి, ఇనుము, ఉక్కు, పోకలు, తమలపాకులు. పిప్పళ్ళు, మిరియాలు, చందనం, లవంగాలు, జాజికాయ, జాపత్రి, సీసం, తగరం, రాగి. సరుకు విలువ పెరిగేకొద్దీ సుంకం పెరిగేట్టు వాటిని తరగతులుగా కూర్చారు. గుంటూరు సీమ గురించి ఇంత వివరంగా ఉన్న బజారు పట్టికలో మిరపకాయ లేకపోవడం ఇప్పటి చదువరికి వింతగా తోచవచ్చు. అమెరికా నుంచి పోర్చుగీసు ఓడల మీద వచ్చిన ఆ పంట అప్పటికి ఈ నేలను ఇంకా పట్టుకోలేదు. ముట్టడి జరిగిన అయిదేళ్ళకు లవంగాలూ జాపత్రీ దూరదేశాల నుంచి కొండ కింద బజారుకు వస్తున్నాయంటే, కోట ఎవరి చేతిలోకి వెళ్ళినా కింది వ్యవస్థ చెక్కుచెదరలేదని అర్థం. రాయలు కృష్ణకు ఉత్తరాన గెలిచిన ప్రాంతాన్ని సంధిలో గజపతికి తిరిగి ఇచ్చేసి దక్షిణాన ఉన్న కొండవీటిని మాత్రం ఎందుకు అట్టిపెట్టుకున్నాడో ఈ ఒక్క పట్టిక చెబుతుంది.

1565 తళ్ళికోట యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్నాక కొండవీడు ఎంతో కాలం నిలవలేదు. 1579లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా సైన్యాలు దాన్ని గెలిచాయి, కోటకు ముర్తజానగర్ అనే పేరు వచ్చింది. ఇక్కడినుంచి కథ వేగంగా నడుస్తుంది, ఎందుకంటే కొండకు కారణమైనవి ఒక్కొక్కటే తొలగిపోయాయి. గోల్కొండ వారికి సముద్రపు గుమ్మం కృష్ణకు ఉత్తరాన ఉన్న మచిలీపట్నం. మోటుపల్లి క్రమంగా పల్లెటూరైంది. కృష్ణ ఇప్పుడు రెండు రాజ్యాల నడిమి సరిహద్దు కాదు, ఒకే రాజ్యం లోపలి నది, కాబట్టి దాన్ని కాచే కొండకు పని తగ్గింది. ఫిరంగులు మెరుగుపడ్డాక కొండ గోడల లెక్క కూడా మారింది, అయితే కొండవీటి విషయంలో దీన్ని ముఖ్య కారణంగా చెప్పనక్కరలేదు. ఫిరంగి గుండ్లు రాకముందే వర్తకం వెళ్ళిపోయింది. 1752లో కొండవీడు సీమ ఫ్రెంచివారికి దక్కింది. ఆ తరువాత గుంటూరు సర్కారు పేరుతో నిజాం సోదరుడు బసాలత్ జంగ్ అనుభవంలో ఉండి, 1782లో ఆయన మరణించిన ఆరేళ్ళకు, 1788లో కంపెనీ వశమైంది. గమనిస్తే, సీమ పేరే కొండవీడు నుంచి గుంటూరుకు మారిపోయింది. పన్ను లెక్కలు మైదానపు ఊరిలోని కచేరీలో కూర్చుని రాసుకోగలిగిన రోజు కొండ ఎక్కవలసిన అవసరం తీరిపోయింది.

ఇటీవలి సంవత్సరాల్లో కొండ పైకి ఘాట్ రోడ్డు వేశారు. కార్లూ మోటారు సైకిళ్ళూ ముత్యాలమ్మ చెరువు దాకా వెళుతున్నాయి. పర్యాటకం దృష్టి అంతా పైనున్న బురుజుల మీదనే ఉండడం సహజమే. కొండవీటి చరిత్రను కాపాడడమంటే మాత్రం కింద ఉన్న పుట్టకోట మట్టిగోడలు, ఫిరంగిపురం, అమీనాబాద్ శాసనాలు, చెరువు కట్టలు, పూడిపోయిన కాలువల జాడలు కూడా ఆ లెక్కలోకి రావాలి. మోటుపల్లి శాసనాలు కూడా అదే కథలో భాగం. వీటిలో చాలావాటికి దారి చూపే బోర్డు అయినా ఉంటే మేలు. కొండ మీది నీరు మటుకు తన పని ఆపలేదు. ఈ గుట్టల్లో పుట్టి ఉత్తరంగా పారే కొండవీటి వాగు ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నది నిండుగా ఉన్న రోజుల్లో వాగు వెనక్కి తన్ని అమరావతి ప్రాంతపు పొలాలను ముంచుతుండడంతో, ఆ నీటిని నదిలోకి ఎత్తిపోయడానికి 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల సామర్థ్యంతో పంపులు పెట్టవలసి వచ్చింది.